లోపలి హార్బరు నీటి అంకె

ఉద్యోగంలో నేను చేసిన మొదటి గొప్ప పని, ఒక మనిషికి తన కళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టడం. కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఆయన పోయాయనే అనుకున్నాడు, నేను అనుకోనిచ్చాను.

ఎనభైల్లో విశాఖ రేవులో, ఓడలకెక్కిన ఇనుప ఖనిజం ఎంతో లెక్కగట్టి కాగితం ఇచ్చే చిన్న కంపెనీ ఒకటుండేది. ఇప్పుడు లేదు, లేనందుకు నాకేం బాధా లేదు. ఎలమంచిలి నుంచి పాసింజరు బండిలో సగం దూరం నిలబడి వచ్చి అక్కడి కంప్యూటరు గదిలో పనిచేసేదాన్ని. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. పూజగదిలోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. డిగ్రీలో లెక్కలు చదివి, ఆపైన ఆర్నెల్లు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నదాన్ని కాబట్టి, ఆ ఆఫీసులో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం.

ఖనిజాన్ని తక్కెడలో పెట్టి తూచరు. ఓడనే చూస్తారు. ఓడ పక్కన నీటి దగ్గర తెల్లరంగుతో అంకెలు వేసి ఉంటాయి. సరుకెక్కకముందు ఎంత మునిగింది, ఎక్కాక ఎంత మునిగింది అని ఆ అంకెలు చదివి, ఆ తేడాను బట్టి బరువు కడతారు. అంకెలు చదవడం మనిషి పని, కట్టడం యంత్రం పని. మా దగ్గర లోపలి హార్బరులో ఆ అంకెలు చదివేది యాభై దాటిన ఒకాయన. ఆనందపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఎనిమిదో తరగతితో చదువు ఆపి రేవుకొచ్చాడు. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి, ఒక అల వెళ్ళి మరో అల వచ్చేలోపు అంకె చదివేసేవాడు. ఆయన చదివిందాన్ని ఓడ ఆఫీసర్లు కూడా మళ్ళీ చూసుకునేవాళ్ళు కాదు. ఆఫీసులో మగవాళ్ళంతా ఆయన్ని బావా అనేవారు, నేను బాబాయ్ అనేదాన్ని.

కంపెనీ కొత్త యంత్రం కొన్నప్పుడు పాత ప్రోగ్రామును కొత్త భాషలోకి మార్చే పని నాకు పడింది. పాతది ఫోర్ట్రాన్‌లో, చిల్లులు కొట్టిన అట్టకార్డుల మీద కట్టలు కట్టలుగా ఉండేది. కొత్తది పాస్కల్. పాతది రాసినతను ఎప్పుడో వేరే ఊరు వెళ్ళిపోయాడు, ఒక్క ముక్క వివరణ కూడా రాసిపెట్టలేదు. నెలరోజులు ఆ కార్డులు ముందేసుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు టీ దగ్గర బాబాయ్ అడిగాడు.

"ఏటమ్మా, ఆ మిసనుకి కొత్త బాస నేర్పుతన్నావంట. పాత బాసకేటయినాది?"

"పాతబడిపోయింది బాబాయ్."

"అయితే నానూ పాతబడిపోనాను. నాకూ ఓ బాస నేర్పీ మరి."

నవ్వి నా గదిలోకి వెళ్ళిపోయాను. అప్పటికే ఆ కార్డుల్లో ఒక చిక్కు నా ముందుంది. అక్కడే, ఆ టీ గ్లాసు పట్టుకునే, ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

చిక్కు ఇదీ. ప్రోగ్రాములో ఓడలు రెండు తరగతులు. లోపలి హార్బరు ఓడలు ఒకటి, ఔటర్ హార్బరుకొచ్చే పెద్ద ఓడలు ఒకటి. పొడవూ వెడల్పూ ఓడ ఓడకీ మారతాయి. కొన్ని అంకెలు మాత్రం ఏ ఓడవీ కావు, తరగతి మొత్తానికి ఒకటే. వాటిని మేం కాన్‌స్టెంట్లు అనేవాళ్ళం. అందులో సముద్రపు నీటి సాంద్రత ఒకటి. రెండు తరగతుల్లోనూ దానికి ఒకటే పేరు, ఎందుకంటే ఫోర్ట్రాన్‌లో పేరు ఆరు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. పేరు ఒకటే, విలువలు వేరు. ఔటర్ తరగతిలో 1.025, లోపలి తరగతిలో 1.018.

సముద్రం ఒకటే కదా, నీటికి రెండు సాంద్రతలేమిటి అనుకున్నాను. నా పుస్తకంలో 1.025 అనే ఉంది. రెండోది కార్డులు కొట్టే అమ్మాయి చేసిన పొరపాటని తేల్చేశాను. పైగా ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయకూడదని మాకు మొదటి పాఠంలోనే నూరిపోశారు. రెండింటినీ తీసేసి, ప్రోగ్రాము మొదట్లో అన్ని ఓడలకూ కలిపి ఒకే అంకె రాశాను. కొత్త భాషలో పేరు ఎంత పొడుగైనా పెట్టుకోవచ్చు. అందుకని ముచ్చటపడి ఒక చాంతాడంత పేరు పెట్టాను. ఒక ఔటర్ హార్బరు ఓడ లెక్క రెండు యంత్రాల్లోనూ వేసి చూస్తే చివరి అంకెదాకా సరిపోయింది. లోపలి హార్బరు ఓడ ఒక్కటైనా వేసి చూడలేదు. ఎందుకు చూడలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను, తలపొగరు తప్ప వేరే జవాబు దొరకలేదు.

కొత్త యంత్రానికి కొబ్బరికాయ కొట్టారు. మేనేజరు కృష్ణా జిల్లా మనిషి, మాటకారి. నన్ను పక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ ఫొటో చాలాకాలం మా ఇంటి గోడకుండేది.

వానలు మొదలయ్యాక ఉత్తరాలు రావడం మొదలైంది. ఖనిజం దిగిన రేవుల్లో తూకం తక్కువొస్తోందట. కాగితం మీద మేం రాసిందానికీ, ఓడలో ఉన్నదానికీ వందల టన్నుల తేడా. అదీ లోపలి హార్బరు ఓడలకే. ఔటర్ హార్బరులో అంకెలు చదివే కుర్ర ఉద్యోగి ఓడలకి ఏ తేడా లేదు. ఇంకేముంది, అందరికీ అర్థమైపోయింది. యంత్రం కొత్తది, మనిషి పాతవాడు. పెద్దాయనకి చూపు ఆనడం లేదన్నారు. ఆయన్ని ఒడ్డుకి రప్పించి, స్టేషనరీ గదిలో కార్బన్ కాగితాలకు కాపలా పెట్టారు. కుర్రవాణ్ణి లోపలికి మార్చారు.

నాకు అప్పుడు నేను కొట్టేసిన 1.018 గుర్తొచ్చింది. పాత యంత్రం ఇంకా మూల పడి ఉంది, తీసుకెళ్ళలేదు. ఆయన చదివిన అంకెలతోనే ఒక లోపలి హార్బరు ఓడ లెక్క పాత కార్డులతో వేశాను. ఉత్తరాల్లో చెప్పిన బరువుకి దగ్గరగా వచ్చింది. కొత్తదాంట్లో వేశాను. రెండొందల టన్నులు పైన తేలింది. ఇంకోసారి వేశాను, అంతే వచ్చింది.

స్టేషనరీ గదికి వెళ్ళాను. కిటికీ లేని గది. ఆయన స్టూలు మీద కూర్చుని రబ్బరు స్టాంపులు తుడుస్తున్నాడు. ఊరికే అడిగినట్టు, 1.018 అనే అంకె ఎప్పుడైనా విన్నావా బాబాయ్ అన్నాను.

"వినడమేటమ్మా, అది నానిచ్చిందే. పాత మిసను రాసినబ్బాయి నాతో పాటు పడవెక్కి తిరిగీవోడు. లోపలి హార్బరు నీరు సముద్రం నీరు కాదు. మేఘాద్రిగెడ్డ వొచ్చి ఇందులోనే పడతాది. వోన కురిసిందంటే ఉప్పు సచ్చిపోద్ది. ఉప్పు తగ్గితే ఓడ ఇంకాస్త దిగుద్ది, బరువెక్కినట్టు అగుపడతాది, బరువుండదు. బాల్చీతో నీరు తోడి, గాజు గొట్టం ముంచి నాలుగేళ్ళు కొలిసినాం. ఎందుకమ్మా అడగతన్నావ్?"

"ఏం లేదు బాబాయ్."

ఏం లేదన్నాను. నాలుగేళ్ళు బాల్చీ తోడి కొలిచిన అంకెని నేను కుర్చీలోంచి లేవకుండా అచ్చుతప్పని కొట్టేశాను. ఆ సంగతి ఆ స్టూలు ముందు నిలబడి చెప్పకుండానే బయటికొచ్చేశాను.

మేనేజరుకి మాత్రం చెప్పాను. ఆయన తలుపు మూయమన్నాడు.

"చూడమ్మాయ్, ఎవరితోనన్నా అన్నావా?"

"లేదండి."

"మంచిపని చేశావు. కొత్త యంత్రం తప్పు లెక్కలు కట్టిందంటే మన దగ్గరికి ఓడ ఒక్కటీ రాదు. నీదింకా పర్మనెంటు కూడా కాలేదు. ఆ అంకె సరిచేసేయ్. కాగితం మీదేం పెట్టకు."

"మరి బాబాయ్ సంగతండీ?"

"ఆయనకేం, జీతం వస్తోందిగా. నీడపట్టున కూర్చున్నాడు. ఈ వయసులో పడవలో తిరగడం దేనికి?"

అదే రోజు సరిచేశాను. పావుగంట పని. లోపలి తరగతికి దాని అంకె దానికి, ఔటర్ తరగతికి దాని అంకె దానికి. పేర్లలో కూడా హార్బరు ఏదో తెలిసేలా రాశాను. ఈసారి రెండు రకాల ఓడలూ వేసి చూశాను. పద్ధతి ప్రకారం, ఎక్కడా వంక పెట్టలేకుండా చేశాను.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోలేదు. కుర్రవాడు లోపలి హార్బరులో మొదటి ఓడ చదివేసరికి నా అంకె సరిగ్గా ఉంది. తేడాలు ఆగిపోయాయి. ఆఫీసంతా ఒకటే మాట, చూశారా, పెద్దాయన్ని తీసెయ్యగానే లెక్కలు దారికొచ్చాయి అని. అప్పటిదాకా అది ఉత్త అనుమానం. నేను తప్పు దిద్దాక ఆయన మీద రుజువైంది. నేను నోరు మూసుకుని ఆ అంకెని తప్పుగానే వదిలేసి ఉన్నా, కుర్రవాడి ఓడలకీ తేడా వచ్చి ఆయన తప్పేం లేదని తేలిపోయేది. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నన్ను పర్మనెంటు చేశారు. చెప్పాలని మూడుసార్లు ఆ గది గుమ్మందాకా వెళ్ళి, మూడుసార్లూ కార్బన్ కాగితాలడిగి తెచ్చుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ అంతకంటే, ఆయన నన్ను తిట్టకుండా ఊరుకుంటాడేమోనని ఎక్కువ భయపడ్డాను. కొన్నాళ్ళకి ఆయన రిటైరయ్యాడు. పూలదండ డబ్బుల కోసం చీటీ తిప్పితే అందరితోపాటు సంతకం పెట్టి ఇచ్చాను.

తర్వాత నాకు పెళ్ళయింది, మా ఆయన స్టీల్ ప్లాంటులో ఉద్యోగి కావడంతో కూర్మన్నపాలెం వచ్చాం. ఒక సాయంత్రం అక్కడి బస్టాపులో బాబాయ్ కనిపించాడు. కూతురు ప్లాంటు వాళ్ళ ఇళ్ళలో ఉంటోందట, మనవణ్ణి చూసి వెళుతున్నాడు. జేబులో కళ్ళజోడు ఉంది. ఎప్పుడు తీసుకున్నావు బాబాయ్ అన్నాను.

"ఉజ్జోగం మానీసినాక. డాట్రు అక్కర్లేదన్నాడు గానీ నానే ఉండనీమన్నాను. నన్ను తీసీసినాక ఒక్క ఓడకీ తేడా రానేదంట గదా. అంటే తప్పు నాదేనమ్మా. నాకేటో బాగానే అగుపడీది. ఎన్ని ఓడలు అలాగ తప్పు సదివినానో, ఏటో."

అప్పుడు చెప్పొచ్చు. మేనేజరు ఎదురుగా లేడు, ఆ ఉద్యోగం కూడా అప్పటికి వదిలేశాను. నోరు తెరిచాను కూడా.

అంతలో ఆయన దూరంగా చూసి, తన బస్సు వస్తోందని నంబరు చెప్పాడు. నాకింకా ఎర్రమట్టి దుమ్ము తప్ప ఏమీ కనిపించడం లేదు. చెప్పి ఊరుకోలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. అప్పటికీ నమ్మకం కుదరక నావైపు తిరిగాడు.

"అదేనా అమ్మా? సరిగ్గా సూసి సెప్పు."

బస్సు దగ్గరికొచ్చాక బోర్డు చూశాను. ఆయన చెప్పిన నంబరే.

"నువ్వు చదివింది సరిగ్గానే ఉంది బాబాయ్" అన్నాను.

ఆ మాట ఆయనకి నేను చెప్పింది ఆ ఒక్కసారే, అదీ బస్సు నంబరు గురించి. ఆయన సంతోషంగా తలూపి, కళ్ళజోడు తీయకుండానే బస్సెక్కాడు.