కేకేస్తే పలికేంత దూరం

ఒక ఫోను కాల్ గురించి నేను ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు, నలుగురిలో నవ్వుతున్నప్పుడు, దాని బరువు గుండెల మీద తెలుస్తూనే ఉంటుంది. నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు.

మాది పర్చూరు దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. ఏసోబు మా ఇంట్లో జీతానికి ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి మరియమ్మ కూడా మా చేలోకే కూలికి వచ్చేది. పత్తికి మందు కొట్టాలన్నా, మిరపతోటకి నీళ్ళు పెట్టాలన్నా ఏసోబే. పొద్దున్నే డొంకదారిలో పరుగులు తీసేవాడు. ఆ పరుగేదో పనిలో చూపించరా అని వెక్కిరించేవాణ్ణి. గుంటూరులో మిలిటరీ సెలెక్షన్లు జరుగుతుంటే మాకు చెప్పకుండా వెళ్ళి, ఎంపికై వచ్చాడు. నేను ఎంతో సంతోషించానని తర్వాత ఊరందరికీ చెప్పుకున్నాను గానీ, ఆ రోజు నాకు వచ్చింది కోపమే. మంచి పనివాడు చెయ్యిజారి పోతున్నాడని.

సెలవుకి వచ్చినప్పుడు నాకు మిలిటరీ రమ్ము తెచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీదే కూర్చుని మంచు గురించి చెప్పాడు. మర్నాడు తల్లితోపాటు మా కల్లంలోకి వచ్చి, ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరాడు. ఏరుతూ ఏరుతూ మరియమ్మ చేతుల వంక చూశాడు. ఏళ్ళ తరబడి మిరపకాయల్లో మగ్గిన చేతులు. సాయంత్రం మజ్జిగలో ముంచినా ఆ మంట పోదు. ఆ చేత్తో కన్ను నలుపుకోవడానికి కూడా ఉండదు. ఆమె ముందున్న కాయల్ని తన వైపుకి లాక్కున్నాడు.

ఆ ఎండాకాలమే కార్గిల్లో యుద్ధం మొదలైంది.

మా వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది. ఎవరికి కాల్ వచ్చినా కేకేసి పిలవడం మా నాన్న పెట్టిన పద్ధతి. ఎంత పనిలో ఉన్నా పిలిచేవాళ్ళం. కల్లం మా పెరటి వెనకే. ఆ మధ్యాహ్నం కాయ రాశి పోసి ఉంది, కొంత ఇంకా ఏరాలి, ఆ వారంలోనే గుంటూరు మిర్చి యార్డుకి వెయ్యాలి. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. తడిస్తే కాయ మచ్చపడుతుంది, ఏడాది కష్టం నీళ్ళపాలు. ఆడవాళ్ళంతా రాశి మీదికి పట్టలు లాగుతున్నారు. తాడు కోసం నేను ఇంట్లోకి వచ్చాను. ఫోను మోగింది.

"బాబుగారూ, నేను ఏసోబుని. అమ్మని ఒక్కసారి పిలుస్తారా?"

కిటికీలోంచి మరియమ్మ కనిపిస్తూనే ఉంది. పట్ట కొస పట్టుకుని నిలబడి ఉంది.

"మీ అమ్మ లేదురా. పొన్నూరెళ్ళింది, మీ పెద్దమ్మ దగ్గరికి."



"రేపు కొండ పైకెళ్తన్నాం బాబుగారూ. మళ్ళీ ఫోను ఎప్పుడు దొరుకుద్దో. అమ్మకి ఒక్క మాట చెప్పండి. ఇంక మిరపకాయల్లోకి వెళ్ళొద్దని చెప్పండి. నేను పంపేది సరిపోద్ది. ఆ చేతులు చూళ్ళేకపోయానని చెప్పండి."

"చెప్తాలేరా" అన్నాను. ముందు పెట్టేసింది కూడా నేనే.

వాన పడలేదు. ఒక్క చినుకు కూడా పడలేదు. మబ్బు సముద్రం వైపు వెళ్ళిపోయింది.

మరి సాయంత్రమైనా ఎందుకు చెప్పలేదు? నేనున్నా లేనని ఎందుకన్నారని ఆమె అడుగుతుందనా? అడగదు, నన్ను అడిగేంత ధైర్యం ఆమెకి లేదని నాకు తెలుసు. అసలు సంగతి వేరు. కూలీలు దొరకని రోజులు. కొడుకు మాట చెబితే మర్నాటినుంచి ఆమె కల్లంలోకి రాదు. లారీ వెళ్ళాక చెబుదామనుకున్నాను. మనిషి ఇంత చిన్నదానికి ఇంత పని చేస్తాడా? చేస్తాడు. నేను చేశాను.

లారీ వెళ్ళేలోగానే కబురు వచ్చింది. దానికీ మా ఫోనే మోగింది. ఈసారి కేకేసి పిలిచాను. మరియమ్మ కల్లంలోంచి అలాగే పరిగెత్తుకొచ్చి, విని, ఆ చేతులతోనే మొహం కప్పుకుంది. ఆడవాళ్ళు కళ్ళలో నీళ్ళు కొడుతూనే ఉన్నారు.

జెండా కప్పిన పెట్టెలో ఏసోబు వచ్చాడు. తర్వాత సెంటర్లో విగ్రహం పెట్టిననాడు నేనే మైకు పట్టుకుని, మా ఇంట్లో పెరిగిన బిడ్డ అన్నాను. సిగ్గులేని జన్మ. జనం చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్ళకి ఏసోబుతో పనిచేసిన జవాను ఒకతను మరియమ్మని చూడటానికి వచ్చాడు. దెబ్బతిన్న తోటివాణ్ణి వెనక్కి లాక్కొస్తుండగా ఏసోబుకి తూటా తగిలిందని చెప్పాడు. పైకి వెళ్ళే ముందురోజు ఫోను కోసం చాలాసేపు వరసలో నిలబడ్డాడని, ఇంటికి మాట్లాడి వచ్చాడని కూడా చెప్పాడు. అతను వెళ్ళగానే ఆమె మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మావోడు ఫోను చేశాడా బాబూ?"

"లేదమ్మా."

ఆమె తలూపింది. మీరెందుకు అబద్ధం చెబుతారు, నా మనసు కుదుటపడాలని ఆ పిల్లాడే అలా చెప్పుంటాడు అని, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

పెన్షన్ వచ్చేది. అయినా ఏటా మా కల్లంలోకి వచ్చేది. ఇంకా ఈ మంటలెందుకే నీకని తోటివాళ్ళు అడిగితే, వద్దనేవాడు ఎవడున్నాడే నాకు అనేది. నేను పక్కనే బస్తాలు కుట్టిస్తూ వినేవాణ్ణి. విని ఊరుకునేవాణ్ణి. చివరికి ఆమె మంచాన పడితే చెప్పేద్దామనే వెళ్ళాను. చేతులు దుప్పటి మీద ఉన్నాయి. ఎలా ఉందమ్మా అని అడిగి వచ్చేశాను. ఆ వారంలోనే పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందంటారేమో. కాలినవి నా చేతులు కావు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా నాకు ఒరిగేదేమీ లేదు, అడగాల్సినవాళ్ళిద్దరూ లేరు. నాకు అప్పజెప్పిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు, వినేవాళ్ళు లేకపోయినా, నోరు తెరిచి చెబుతున్నాను.

మరియమ్మా, నీ కొడుకు ఫోను చేశాడు. ఇంక మిరపకాయల్లోకి వెళ్ళొద్దన్నాడు.