డాక్టరమ్మ పిప్పి పన్ను

లాండ్రీలో అందరూ ఆయన్ని మడతల మాస్టారు అంటారు. వయసు ముప్పై నాలుగు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టారు. చదువు అంతగా అబ్బలేదు గానీ, మాస్టారు తువ్వాలు మడిస్తే అంచుకు అంచు అతికి తీరాల్సిందే. అక్కడో పద్ధతుంది. ఒకరు మడిచింది ఇంకొకరు చూసి సరే అంటేనే పెట్టెలోకి వెళ్తుంది. సూపర్‌వైజరు మడతని కూడా మాస్టారు మొహమాటం లేకుండా విప్పి పారేసిన రోజులున్నాయి.

అంతటి మనిషీ పళ్ళ డాక్టరు దగ్గర పెదవులు బిగించేసేవారు. చిగుళ్ళు వాచి నెత్తురు కారుతోంది, కింది పన్నొకటి ఊగుతోంది. మూడుసార్లు కుర్చీ ఎక్కారు, మూడుసార్లూ దిగిపోయారు. ఈసారీ నోరు తెరవకపోతే పెద్దాసుపత్రిలో మత్తిచ్చి శుభ్రం చేయాల్సిందేనని డాక్టరమ్మ చీటీ కూడా రాసిపెట్టింది. మత్తంటేనే మాస్టారి గుండె గుభేలుమంటుంది. చిన్నప్పుడు గుండె ఆపరేషన్‌లో ముక్కు మీద పెట్టిన రబ్బరు మాస్కు వాసన ఆయన్ని ఇంకా వదల్లేదు.

నాలుగోసారి అక్కతో వెళ్ళి, కుర్చీ ముందు నిలబడిపోయారు.

"ముందు మీ పళ్ళు నేను చూస్తా. తర్వాతే నావి."

"ఒరేయ్, ఆవిడ డాక్టరురా!" అక్క తల పట్టుకుంది.

డాక్టరమ్మ పకపకా నవ్వి తనే కుర్చీలో వాలింది. నర్సు మాస్టారికి గ్లవ్స్ తొడిగి, చిన్న అద్దం ఇచ్చింది. ఆయన ఒక్కో పన్నూ చూసుకుంటూ పోయి టక్కున ఆగారు.

"ఇది కుదర్లేదు. నల్లగా ఉంది."

"నీడై ఉంటుందిలే," అంది డాక్టరమ్మ.

నర్సు తొంగిచూసింది. "నీడ కాదు మేడం, పిప్పి పన్నే!" అని నవ్వాపుకోలేక ట్రే జారవిడిచింది. ఆ చప్పుడికి బయట కూర్చున్నవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చారు.

"రెండేళ్ళుగా సలుపుతోంది," డాక్టరమ్మ ఒప్పేసుకుంది. "నాకు సూదంటే భయం."

మాస్టారు ఒక్కరే నవ్వలేదు.

"నాకూ భయమే. ముందు నేను కూర్చుంటా. చూసి నేర్చుకోండి."

ఎక్కి కూర్చుని, నోరు తెరిచారు. డాక్టరమ్మ ఇరవై నిమిషాలు శుభ్రం చేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారినా ఆయన నోరు మూయలేదు. ఊగే పన్ను నిలబడుతుందని చెప్పి డాక్టరమ్మ ఆ చీటీ చింపేసింది.

మాస్టారు దిగి, ఖాళీ కుర్చీ చూపించారు. పక్క గది డాక్టరు సూదితో రాగానే ఆమె ముఖం పాలిపోయింది. మాస్టారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇంకా పెద్దగా తెరవండి. నేనున్నాగా!"

అక్క గోడకు ఆనుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. ఇన్నేళ్ళుగా ఆసుపత్రుల్లో తమ్ముడికి ఆ మాట చెబుతూ వచ్చింది తనే.