వంతుల బావ

మా బావ తన వంతు రానిదే వేలు కూడా కదపడు. వంతు వచ్చాక కూడా వెంటనే కదలడు. ముందున్న దారులన్నీ చూసుకుని, వాటిలో ఎవరికీ దెబ్బ తగలని దారి ఏదో తేల్చుకుని, అప్పుడు కదులుతాడు. ఈలోగా పక్కనున్నవాళ్లలో కొందరికి ఆకలేస్తుంది, కొందరికి పెళ్లీడు దాటిపోతుంది. ఏళ్ల తరబడి ఆయన ఇంట్లో తిని, ఆయన కింద పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇందులో అతిశయోక్తి ఏమన్నా ఉంటే అది పెళ్లీడు దగ్గరే.

ఈ అలవాటు ఆయనకి ఒక కంప్యూటర్ ఆట వల్ల అంటుకుంది. అందులో మూడంతస్తుల మేడంత మరమనుషులు ఉంటాయి. ఒక్కోదాని లోపల ఒక్కో పైలట్ కూర్చుని నడుపుతాడు. వీళ్లంతా కిరాయి సైనికులు. ఎవరు పిలిస్తే వాళ్ల తరఫున పోట్లాడతారు. బావ వాళ్ల సేనాపతి. మామూలు ఆటల్లా ఇందులో ఎడాపెడా కాల్చడం కుదరదు. మన మరమనిషి ఒక అడుగు వేశాక శత్రువుది ఒక అడుగు, మళ్లీ మనది. ఒకేసారి తుపాకులన్నీ పేలిస్తే మరమనిషి ఒళ్లు వేడెక్కి ఆగిపోతుంది. ఇలాంటివన్నీ లెక్కేసుకుంటూ ఒక్క అడుగు వెయ్యడానికి బావకి పావుగంట పడుతుంది. ఆరేళ్లుగా ఒకే ఆట నడుపుతున్నాడు, ఒక్క పైలట్ కూడా చావలేదు. ఎవరికైనా చిన్న గాయమైతే చాలు, గెలుపు చేతిదాకా వచ్చినా సరే, సేన మొత్తాన్ని వెనక్కి తీసుకొచ్చేస్తాడు. ఇంత పిరికి సేనాపతిని పెట్టుకున్న సైన్యం ఇంకెక్కడా ఉండదని నేను ఆయన మొహం మీదే అనేవాణ్ణి. ఆయన తల ఊపి, పావుగంట ఆలోచించి, అవునేమో అనేవాడు.

ఆట ఆటగా ఉంటే ఫర్వాలేదు, బావ దాన్ని ఇంట్లోకీ రోడ్డు మీదకీ తెచ్చాడు. అక్కకి కోపం వస్తే ఆవిడ వంతు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని వింటాడు. ఆవిడ ఆపాక, ఒళ్లు చల్లబడడానికి ఇంకొంత సమయం ఇస్తాడు. తర్వాత ఆయన జవాబు చెప్పడం మొదలుపెట్టేసరికి అక్క బట్టలు ఆరేసి, వంట చేసి, దేని మీద కోపం వచ్చిందో మర్చిపోయి ఉంటుంది. ఆ ఆట మొదలెట్టిన ఆరేళ్లలో వాళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడుతూ పోట్లాడుకోవడం నేను చూడలేదు. ఇంకోసారి మేమిద్దరం స్కూటర్ మీద వెళ్తుంటే, సన్నటి సందులో ఎదురుగా కారులో వస్తున్న పెద్దాయన ఆగి, ముందు మీరు వెళ్లండన్నాడు. ముందు వచ్చింది మీరు కాబట్టి వంతు మీది అన్నాడు బావ. ఆ పెద్దాయన కూడా మర్యాదస్తుడు కావడం మా ఖర్మ. నేను స్కూటర్ దిగి నడిచి ఇంటికెళ్లి, భోంచేసి, వెనక్కొచ్చి చూస్తే ఇద్దరూ కారు బానెట్ మీద చేతులానించి కబుర్లు చెప్పుకుంటున్నారు.

ఉద్యోగరీత్యా బావ లిఫ్టులు బిగించి, బాగుచేసే మేస్త్రీ. ఆయన కింద ఒక వెల్డరు, ఒక ఎలక్ట్రీషియన్, నేను. డిగ్రీ రెండుసార్లు తప్పాక అక్క పోరు పడలేక బావే నన్ను కంపెనీలో చేర్పించాడు. చేరి ఏడాదైనా నా పని మారలేదు. మిగతావాళ్లు లిఫ్టు గూట్లోకి ఎక్కుతారు, నేను కింద నిలబడి పానాలు అందిస్తాను. పైకి వస్తానని అడిగినప్పుడల్లా బావది ఒకటే మాట, ఇవాళ నీ వంతు కాదని.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఎత్తంటే నాకు చచ్చేంత భయం. స్టూలెక్కి బల్బు మార్చడానికే దేవుళ్లందరినీ పిలుస్తాను. ఈ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ణి. మరి రోజూ పైకి పంపమని ఎందుకు అడిగేవాణ్ణంటే, బావ పంపడని గట్టి నమ్మకం. అలా అడుగుతూ ఉంటే ధైర్యవంతుణ్ణని పేరొస్తుంది, కాళ్లు నేల మీదే ఉంటాయి.

ఒక ఆదివారం పొద్దున అక్క బావని బట్టల కొట్టుకి లాక్కుపోయింది. ఆయన ఆట తెరిచే వదిలి వెళ్లాడు. ఏం తోచక కూర్చుని పైలట్ల జాబితా చూశాను. అందరికీ మావాళ్ల పేర్లే పెట్టుకున్నాడు. వెల్డరు నలభై యుద్ధాలు చేశాడు. ఎలక్ట్రీషియన్‌కి పతకాలున్నాయి. అక్క పేరుకి పైలట్టే గానీ శత్రువులు ఆవిణ్ణి చూసి పారిపోయిన దాఖలాలున్నాయి. అట్టడుగున ‘బావమరిది’ అని ఒకడు కనిపించాడు. చేసిన యుద్ధాలు సున్న. గాయాలు సున్న. ఆరోగ్యం నిక్షేపం. ఆరేళ్లుగా శిబిరంలో పడుకుని తింటున్నాడు.

నాకు రోషం వచ్చింది. మిగతా ముగ్గుర్నీ వెంటబెట్టి, నన్ను నేనే యుద్ధానికి పంపుకున్నాను. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద మరమనిషిని ఎక్కించాను. సరాసరి ఒక కొండ మీదకి నడిపించి, ఉన్న తుపాకులన్నీ ఒకేసారి పేల్చాను. చప్పుడు అద్భుతంగా వచ్చింది. వెంటనే మరమనిషి వేడెక్కి కట్టెలా బిగుసుకుపోయింది. తర్వాత వంతు శత్రువుది. ఎనిమిదిమంది వచ్చి, తీరిగ్గా చుట్టూ నిలబడి, పని ముగించి వెళ్లారు. ‘బావమరిది మరణించాడు’ అని తెర మీద పడింది. తన చావు కబురు తానే చదువుకునే యోగం ఎంతమందికి ఉంటుంది? వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చేమోనని బొత్తాలన్నీ నొక్కాను. బావ ఆ వీలు లేకుండా పెట్టుకుని ఆడుతున్నాడు. పోయినవాడు పోయినట్టే.

బావ వచ్చి, చేతిలో బట్టల సంచి అలాగే పట్టుకుని తెర వంక చాలాసేపు చూశాడు. నేను గోడవైపు తిరిగి క్యాలెండర్ చదువుకుంటున్నాను.

“కొండ మీదకెందుకెక్కావు?” అన్నాడు చివరికి.

“అక్కణ్ణుంచి అందరూ కనిపిస్తారని.”

“నువ్వూ అందరికీ కనిపిస్తావు.”

బావ కుర్చీ లాక్కుని, మిగిలిన ముగ్గుర్నీ సాయంత్రందాకా కష్టపడి ప్రాణాలతో బయటపడేశాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తిట్టకపోయేసరికి తప్పంతా నాదేనని తేలిపోతోంది, అందుకని ఎదురుదాడికి దిగాను. ఆటలోనూ పనిలోనూ నన్ను మూలన కూర్చోబెడితే నాకు ఏదైనా ఎలా వస్తుందని, అసలు నా మీద మీకు నమ్మకం లేదని, పరాయివాడైతే ఈపాటికి పైకి ఎక్కించేవారని గొంతు పెంచాను. నా వాగ్ధాటికి నాకే ముచ్చటేసింది. బావ మామూలుగానే విని, మామూలుగానే ఆలోచించి, “సరే. రేపు నీ వంతు” అన్నాడు.

ఆ రాత్రి నాకు జ్వరం వస్తే బాగుండునని కోరుకున్నాను. రాలేదు.

మర్నాడు పనిచేసింది పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో. లిఫ్టు పెట్టెని దాని కప్పు పదో అంతస్తు గడపకి సమంగా వచ్చేలా ఆపి, కదలకుండా బిగించి, మోటారు విప్పడానికి వెల్డరూ ఎలక్ట్రీషియనూ డాబా మీదకి వెళ్లారు. లిఫ్టు పెట్టె కప్పు మీద నిలబడి, అది పట్టాల మీద జారే చక్రాలు మార్చడం మా ఇద్దరి పని. బావ నా నడుముకి బెల్టు కట్టి, కొక్కెం తగిలించి, రెండుసార్లు లాగి చూశాడు. పదో అంతస్తు తలుపులోంచి కప్పు మీదకి ఒక్క అడుగే. ఎంతో హుందాగా వేశాను. తర్వాత, పెట్టెకీ గోడకీ మధ్య ఉన్న జానెడు సందులోంచి కిందకి చూశాను.

ఆ సందులో అడుగు కనిపించలేదు. నల్లగా, చల్లగా గాలి పైకి వస్తోంది. తర్వాత నాకు తెలిసిందల్లా, గ్రీజు ఓడుతున్న ఉక్కు తాళ్లని రెండు చేతులతో కావలించుకుని, చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాను. లిఫ్టుని కిందకి దింపుదామంటే మోటారు విప్పేసి ఉంది. వచ్చిన దారినే ఆ ఒక్క అడుగూ మళ్లీ వెయ్యాలి. నా కాళ్లు ఇక నా మాట వినే స్థితిలో లేవు.

బావ భయపడకు అనలేదు. కిందకి చూడకు అనీ అనలేదు. నా పక్కన కప్పు మీద చతికిలబడి కూర్చున్నాడు.

“ఇప్పుడు నా వంతు. నువ్వేం చెయ్యక్కర్లేదు” అని, తలుపు వైపు ఒక్క జానెడు జరిగాడు. “అయింది. ఇప్పుడు నీ వంతు. ఎడం చేతి చిటికెనవేలు. అదొక్కటే ఎత్తు.”

చాలాసేపటికి ఎత్తాను.

“నీ వంతు అయిపోయింది. ఇక కదలకు.”

కదలకు అన్నమాట ఆ క్షణాన ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆయన ఇంకో జానెడు జరిగాడు. నేను ఇంకో వేలు ఎత్తాను. పది వేళ్లకి పది వంతులు, మోచేతులకి రెండు, చెంపకి ఒకటి. పాదాలకి వచ్చేసరికి లెక్క తప్పాను గానీ ఆయన తప్పలేదు. ఒక్కసారి కూడా త్వరగా కానిమ్మనలేదు. నలభై నిమిషాలు పట్టింది. చివరికి పదో అంతస్తు గచ్చు మీద బోర్లా పడి, దాన్నీ కాసేపు కావలించుకున్నాను.

ఎంతకీ కబురు లేకపోయేసరికి వెల్డరు మెట్లు దిగి వచ్చాడు. ఆఫీసువాళ్లు పదిమంది పోగయ్యారు. ఏమైందని వెల్డరు అడిగాడు. నేను లేచి కూర్చుని, నా పరువుకి నీళ్లొదులుకుని నోరు తెరిచాను. ఈలోపే బావ గోడకి జారబడి, నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“నాకే కళ్లు తిరిగాయి. వీడు పట్టుకున్నాడు.”

ఆరేళ్లలో మొదటిసారి ఆయన తన వంతు రాకుండా కదలడం చూశాను. అందరూ నా వంక తిరిగారు. చొక్కా నిండా గ్రీజు, గీసుకుపోయిన అరచేతులు, వీరుడి వాలకం నిండుగా ఉంది. నిజం చెబుదామనే అనుకున్నాను. ఎవరో నీళ్లిచ్చారు, తాగాక చెబుదామనుకున్నాను. తాగుతుంటే ఎవరో భుజం తట్టారు. భుజం తట్టాక చెబితే బాగుండదనిపించింది.

సాయంత్రానికి వెల్డరు నోట్లో ఆ కథ పెరిగింది. నేను బావని ఒంటిచేత్తో పట్టుకున్నానన్నాడు. మర్నాటికి ఆ ఒక్క చెయ్యి కూడా తీసేసి పళ్లతో పట్టించాడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుని నాకు మారు వడ్డించింది. బావని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లింది. డాక్టరుకి ఏ రోగమూ దొరకలేదు. దొరకనందుకే అనుమానపడి, పది రోజులు ఎత్తు ఎక్కకూడదు, ఇంట్లో విశ్రాంతి తీసుకోవాలన్నాడు. బావ ఎంతో దిగులుగా మొహం పెట్టి ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

మూడోరోజుకి ఆ మారు వడ్డనలు నాకు గొంతు దిగడం మానేశాయి. బావ పక్కన కూర్చుని, ఎందుకలా చెప్పారని అడిగాను. ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండా, నువ్వు పనిలో చేరిన మొదటిరోజు నిచ్చెన పట్టుకుంటేనే నీ మోకాళ్లు వణికాయి, అప్పుడే చూశాను అన్నాడు. అంటే ఏడాదిగా ఇవాళ నీ వంతు కాదన్నది నా మీద నమ్మకం లేక కాదు. ఆ మాట వాడితే ఎవరూ ఇంకేమీ అడగరని.

“మావాడికి ఎత్తంటే భయమని చెప్పేస్తే పోయేదిగా బావా.”

“అది నువ్వు చెప్పుకోవాల్సింది. నేనెలా చెబుతాను?”

అంతలో మా కంపెనీ యజమాని నుంచి నాకు పిలుపొచ్చింది. నాలుగో అంతస్తులోని ఆయన గదికి వెళితే లేచి చెయ్యి కలిపాడు. ఊరి చివర ఇరవై రెండంతస్తుల భవనం కడుతున్నారట. అందులో ఆరు లిఫ్టులు బిగించే పని మనకి దొరికిందట. అలాంటి చోట మేస్త్రీగా ఉండడానికి నీలాంటి గుండె ధైర్యం ఉన్నవాడు కావాలన్నాడు. నాకు కూర్చున్న కుర్చీ కూడా ఎత్తుగా అనిపించింది. ఇక దాచడానికి చోటు లేక, మొదటి అడుగు నుంచి గచ్చుని కావలించుకోవడందాకా మొత్తం చెప్పేశాను. చెప్పి, ఉద్యోగం నుంచి తీసేస్తారా సార్ అని అడిగాను.

ఆయన లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

“నాకు లిఫ్టంటే భయం.”

నాకు అర్థం కాలేదు.

“తలుపులు మూసుకున్నాయంటే ఊపిరాడదు. లిఫ్టుల కంపెనీ పెట్టి పద్దెనిమిదేళ్లయింది, ఇప్పటిదాకా ఒక్కటి ఎక్కలేదు. పని చూడ్డానికి ఎక్కడికెళ్లినా మీ బావే ఎదురొచ్చి, ఇంకా చిన్న పని మిగిలింది సార్, మెట్ల మీద రండి అంటాడు. నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనా నన్ను అడగలేదు.”

మేం బిగించిన ప్రతి లిఫ్టులోనూ, యజమాని వచ్చిన రోజే, ఏదో ఒక చిన్న పని ఎందుకు మిగిలిపోయేదో అప్పుడు తెలిసింది. బావకి పనితనం తక్కువేమోనని కూడా నేను కొంతకాలం అనుమానపడ్డాను.

నన్ను వర్క్‌షాపులో, లిఫ్టుల్లో నొక్కే మీటల పెట్టెలు తయారుచేసే బల్ల దగ్గరకి మారుస్తానన్నాడు యజమాని. నేల మీద పని. నువ్విక్కడ విన్నది మీ బావకి తెలియనక్కర్లేదన్నాడు. మా బావకి తెలియనిదేముంది సార్ అన్నాను. ఆయన నవ్వి, టీ తాగొద్దాం రమ్మన్నాడు.

గదిలోంచి బయటికొస్తే ఎడమపక్క మా కంపెనీ లిఫ్టు అద్దంలా మెరుస్తోంది. ఇద్దరం దానివంక చూడకుండా కుడివైపు మెట్లకి తిరిగాం. మెట్ల మలుపులో నేలదాకా పెద్ద కిటికీ, కింద రోడ్డంతా కనిపిస్తోంది. ఆయన నన్ను గోడవైపుకి జరిపి, తాను కిటికీ వైపు నడిచాడు.