ఈగ వాలని కల్లు

మా మామగారు కన్నుమూశారు. ఎండలు ముదురుతున్న ఒక సోమవారం పొద్దున మదనపల్లెలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, "పాలోణ్ని మార్చినారా?" అని అడిగారు. మార్చలేదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆయన తల గోడకు వాలిపోయింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. మరొకరైతే ఆఖరి ఘడియలో దేవుణ్ని తలుచుకునేవారు. మా మామగారు పాలవాణ్ని తలుచుకున్నారు.

పలకరించడానికి వచ్చినవాళ్లు గడప దాటకముందే నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగారు. "నిన్న ఆదివారం గదమ్మా. పుంగనూరుకు పోయినాడా? ఏం తాగినాడు?" దండ పట్టుకున్న చేతినే నోటికి అడ్డం పెట్టుకుని మరీ అడిగారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్న వీళ్లకు నేర్పింది మా మామగారే కదా అనిపించింది. ఈ నాలుగు మాటలు రాయడానికి ఆ ప్రశ్నే కారణం. దానికి జవాబు చెప్పకపోతే పుంగనూరు దారిలో ఉండే ఒక మంచి మనిషి పేరు మా మామగారి చితిలోనే కాలిపోతుంది.

మామగారు టమోటా మండీలో సరుకు చూసి ధర కట్టే పని చేసేవారు. గంప పైన నిగనిగలాడే కాయలు పేర్చి, మెత్తబడినవి అడుగున దాచడం ఆ వ్యాపారంలో మామూలే. ఆయన పైన చూసేవారే కాదు, చెయ్యి నేరుగా అడుగుదాకా దింపేవారు. "పైన సూసి కొన్నోడు కింద సూసి ఏడుస్తాడు" అనేవారు. అదే చెయ్యి ఇంట్లో పప్పు డబ్బాల్లోకీ బియ్యం బస్తాల్లోకీ కూడా దిగేది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అమ్మ దంచి పంపిన కారం చూసి, ఇంట్లో దంచిందేనా, యాడన్నా కొన్నదా అని అడిగారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇటుకపొడి లేదు. మంచిది" అని లోపలికి పోయారు. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

ఈ అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదని మా ఆయన చెప్పాడు. మామగారికి ఒక తమ్ముడు ఉండేవాడు. కుప్పంలో కిరాణా అంగడి పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం తెలిసినవాడి దగ్గరే కదా అని కల్లు తాగి, ఇంటికి నడిచి వచ్చి, మళ్లీ లేవలేదు. చెట్టు ఇచ్చిన కల్లు చాలక, అమ్మేవాడు నీళ్లు పోసి, తీపికి సాక్రిను వేసి, మత్తుకు ఏదో మందు కలిపాడు. తమ్ముణ్ని కాటికి చేర్చి వచ్చిన తర్వాతే మామగారు కల్లు రుచి చూడటం మొదలుపెట్టారట. అంతకుముందు ఆయనకు ఆ వాసనే గిట్టేది కాదు.

మొదట సారా, తర్వాత బ్రాందీ, బీరు కూడా నిషేధంలో పడిన రోజుల్లో మా పక్క కల్లు ఒక్కటే మిగిలింది. మామగారికి గిరాకీ వచ్చింది కూడా అప్పుడే. ఆదివారం తెల్లవారగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కేవారు. ఒక వారం పుంగనూరు, ఒక వారం తంబళ్లపల్లె, పండగ సెలవులకు కుప్పం. సాయంత్రానికి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంటే, మండీ హమాలీలూ వీధిలోని మగవాళ్లూ చుట్టూ చేరేవారు. తంబళ్లపల్లెది పలచన గానీ నిజాయితీగా ఉండాదనీ, కుప్పానిది తీపి ఎక్కువ, ఆ తీపి చెట్టుదా సాక్రిను పొట్లానిదా అని ఇంకోసారి చూడాలనీ, పుంగనూరు దారిలో ఈతవనంలో దించేది మాత్రం మొదట పులుపు, చివర లేత కొబ్బరి వాసన అనీ చెప్పేవారు. తాగేది పావు గ్లాసు. మాట్లాడేది గంటసేపు. మండీలో కాయ ధర చెప్పినా ఎవరూ అంత శ్రద్ధగా వినేవారు కాదు.

ఒకసారి బెంగుళూరులో బంధువులు ఆయనకు బీరు పోశారు. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "దీన్ని చేసినోడు ముందు తాగినాడా?" అని అడిగారట. ఫ్యాక్టరీలో ఎవరు తాగుతారు మామా అని వాళ్లు నవ్వితే సీసా బల్ల మీద పెట్టేశారు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. దించినవాడే మొదటి గ్లాసు తాగాలి, ఆయన కళ్లముందు, అడుగంటా. ఆ తర్వాత నాలుగు చుక్కలు ఒక రాయి మీద పోసి, పొగకు ఈగలు బెదరకుండా బీడీ కూడా ముట్టించకుండా కూర్చునేవారు. రాయి మీద ఈగ వాలితేనే గ్లాసు పట్టుకునేవారు. "ఈగ వాలని కల్లు మనిషి ముట్టరాదు" అనేది ఆయన మాట. అది మా చుట్టుపక్కల సామెత అయిపోయింది. మా ఇంట్లో కూర బాగా కుదరకపోతే నా పిల్లలు కూడా ఈగ కోసం చూసేవారు.

ఆ ఈతవనంలో కల్లు దించే ఆయన గురించి చెప్పాలి. మామగారికంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. భార్యా ఆయనా ఆ చెట్ల మీదే బతికేవారు. ఇన్నేళ్లలో మామగారు మళ్లీ మళ్లీ పోయిన చోటు అదొక్కటే. నమ్మకమా అని అడిగితే, "నమ్మకం గాదు, ఇంగా పట్టుబడలేదు" అనేవారు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త వినలేదు.

అలాంటిది, ఒక ఆదివారం మామగారు మొహం నల్లగా చేసుకుని వచ్చారు. అరుగు మీద చేరినవాళ్లకు ఒకే మాట చెప్పారు. "కలిపినాడు. ఇనుము రుచి వస్తాండాది." తన తమ్ముడి పేరు ఎత్తకుండానే, ఆయన ఎవరిని తలుచుకుంటున్నారో అందరికీ అర్థమైంది. ఈగ వాలిందా అని ఎవరో అడిగితే, ఈగలను కూడా ఏమార్చే మందు వచ్చినట్టు ఉండాదని అన్నారు.

వారం తిరిగేసరికి తాగేవాళ్లు లేక ఈతవనం ఖాళీ అయింది. కుండలు కుండలు నేలపాలు చేసుకున్నారు మొగుడూ పెళ్లాం. ఆబ్కారీ వాళ్లు జీపులో వచ్చి కల్లును సీసాల్లో పట్టుకుపోయారు. పరీక్షలో ఏమీ కలపలేదని తేలినట్టు కాగితం వచ్చింది. దాన్ని ఎవరూ నమ్మలేదు. కాగితం కొనచ్చు, ఆ పెద్దాయన నాలుక కొనలేరని మండీలో అనుకున్నారు. ఈతవనం ఆయన బెంగుళూరు పోయి కట్టడం పనిలో చేరడానికి సిద్ధమవుతున్నాడని కబురు వచ్చింది. మామగారు ఆ కబురు విని, పోనీ అన్నారు గానీ, ఆ రాత్రి సంగటి ముద్ద సగం కూడా తినలేదు.

అప్పటినుంచి ఆయనకు ఇల్లంతా దొంగలే. మజ్జిగలో ఇనుము, చారులో ఇనుము. కొత్త బోరు నీళ్లదే తప్పన్నారు. పాలవాణ్ని మార్పించారు. కొత్తవాడు కూడా దొంగేనన్నారు. నా చేతి మీద కూడా చూపు పడింది. పొయ్యి దగ్గర నేను ఏం వేస్తున్నానో చూడటానికి కుర్చీ వంటింటి ద్వారం దగ్గరికి జరుపుకున్నారు. నేను తిక్కదాన్ని, ఆయన వైపు చూస్తూ ఒక్కో గరిటె ఎత్తి చూపించి మరీ వేసేదాన్ని.

ఆ వేసవిలో ఇద్దరం బస్టాండు దగ్గర ఎండకు నిలబడ్డాం. కొబ్బరి బొండం తాగుదామన్నారు. గుట్టలో అడుగునుంచి తానే ఒకటి లాగారు. చెవి దగ్గర ఊపారు. కత్తిని మేము తెచ్చుకున్న నీళ్లతో కడగమన్నారు. గొట్టం కూడా వద్దని కాయ ఎత్తి పట్టుకుని తాగారు. ఒక గుక్క తాగి ఆగిపోయారు.

"ఇనుము" అన్నారు మెల్లగా.

అమ్మేవాడు కత్తి పక్కన పెట్టి, కాయలోకి తాను ఎట్ల దూరినాడో చెప్పమని గట్టిగా అడిగాడు. నేను మామగారి మొహం చూశాను. ఆయన ఆ కాయలోకే చూస్తున్నారు. అడుగున మెత్తబడ్డ కాయ చేతికి తగిలినప్పుడు మండీలో చూసే చూపు అది. ఇంటికి వచ్చి బెల్లం అడిగారు, ఉప్పు అడిగారు, చివరికి ఉత్త చెయ్యి నాకి చూసుకున్నారు. తర్వాత దేవుడి పటం వెనక నుంచి మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టారు.

కుప్పంలో ఒక డాక్టరు దగ్గర షుగరుకు రాయించుకున్న మాత్రలు. మదనపల్లెలో చూపించుకుంటే ఊరంతా తెలుస్తుందనీ, మేము బెల్లం డబ్బాకు తాళం వేస్తామనీ భయపడి, మాకు చెప్పకుండా వేసుకుంటున్నారు. మందుల అంగడిలో అడిగితే, వీటితో కొందరికి నోరు లోహం రుచి వస్తుందని చెప్పారు. చెట్టును, కుండను, పాలవాణ్ని, కోడలిని అనుమానించిన మనిషికి తన నోటి మీద మాత్రం అనుమానం రాలేదు. నాకు నవ్వు రావాలి. రాలేదు.

మరుసటి పొద్దునే నన్ను కూడా బస్సెక్కించారు. ఈతవనంలో మూటలు కట్టి ఉన్నాయి. ఈతవనం ఆయన మమ్మల్ని చూసి కూర్చోమనలేదు. అయినా అలవాటు కొద్దీ కుండ దగ్గరికి పోయి తన గ్లాసు నింపుకున్నాడు, ముందు తాగి చూపించడానికి. మామగారు ఆ గ్లాసు ఆయన చేతిలోనుంచి తీసుకుని, ఈగ కోసం చూడకుండా, అడుగంటా తాగారు.

"నువ్వు కలిపింది లేదు నాయనా. నా నోరు చెడిపోయినాది."

ఈతవనం ఆయన ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "ఆ మాట ఈడ చెప్తే ఏం లాభమన్నా? యాడ చెప్పినావో ఆడ చెప్పు" అన్నాడు.

మామగారు చెప్పారు. మండీలో గంపల మధ్య నిలబడి చెప్పారు, అరుగు మీద చెప్పారు, కుప్పం బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పారు. అందరూ తలలు ఊపారు, ఎవరూ నమ్మలేదు. ముసలాయనకు ఎంత ముట్టిందో అని వెనక నవ్వుకున్నారు. ఆయన అనుమానాన్ని కళ్లకద్దుకున్న ఊరు, ఆయన తప్పు ఒప్పుకుంటే అనుమానించింది. నాకు మనుషుల మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. మామగారు మాత్రం, "నేను నేర్పిందే గదమ్మా" అన్నారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయన ఈతవనానికే పోయేవారు. ఈతవనం ఆయన మూటలు విప్పాడు గానీ, ఇంకా గోడకు ఆనించే ఉంచాడు. మామగారు దారికి కనిపించేలా రాతి మీద కూర్చుని, అందరూ చూస్తుండగా పావు గ్లాసు తాగేవారు. ఆయన నోటికి తెలిసేది ఇనుము ఒక్కటే. పోవద్దని నేను గొడవపడ్డాను. డాక్టరుకు చెప్తానన్నాను. "పడిపోతానేమో అని సూస్తాండారు. సూడనీ" అన్నారు. తాగి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, దారిన పోయేవాళ్లను పలకరించి, తన కాళ్ల మీద తాను నడిచి బస్సెక్కేవారు. అలా కొన్నాళ్లకు ఒకడు ఆగాడు. తర్వాత ఇంకొకడు. మూటలు గోడ దగ్గరనుంచి లోపలికి పోయాయి.

ఇక జవాబు. ఆ ఆదివారం మామగారు పుంగనూరు పోలేదు. ఛాతీలో బరువుగా ఉందని పొద్దంతా మంచం మీదే ఉన్నారు. రాగి అంబలి తప్ప ఏమీ తాగలేదు. దాన్ని కాచింది నేను, చల్లార్చింది నేను. కావాలంటే నన్ను అనుమానించండి.

మామగారి కర్మ జరిగిన దివసాల రోజున మా వాకిట్లో వీధంతా ఉంది. పటం ముందు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాం. ఈతవనం ఆయన కుండతో వచ్చి గేటు బయటే ఆగిపోయాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. నేనే పోయి లోపలికి పిలుచుకొచ్చాను.

ఆయన పటం ముందు గొంతుక్కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, ముందు ఒక గ్లాసు నింపి తాను తాగాడు. గ్లాసు బోర్లించి పటానికి చూపించాడు. "సూడన్నా" అన్నాడు. తర్వాత విస్తరాకు పక్కనున్న దొన్నెలో కల్లు పోశాడు. నురగ మెల్లగా అణిగింది. వాకిట్లో అందరూ ఆ దొన్నెకేసే చూస్తున్నారు.

యాడనుంచో ఒక ఈగ వచ్చి దొన్నె అంచున వాలింది. విసనకర్ర నా చేతిలోనే ఉంది. తోలబోయి, ఆపేశాను.