తుడిచేసిన గీత

ఈ సంగతి మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. వయసులో ఉన్నప్పటి నుంచి డైరీ రాయని రోజు లేదు. వానలు, చెరుకు ధరలు, ఇంటికి వచ్చిపోయినవాళ్లు, అన్నీ వాటిలో ఉన్నాయి. ఇది లేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైలలో నిజామాబాద్‌లో ఒక ప్రయోగశాలలో సహాయకుణ్ణి. తెల్ల ఎలుకల ఒంట్లోంచి కొద్దికొద్దిగా రక్తం తీసి, గుండె ఎలా కొట్టుకుంటుందో చూడటం మా పని. కిరోసిన్ పొగతో మసి పట్టించిన కాగితం ఒక డబ్బా మీద తిరుగుతూ ఉంటుంది. గుండె కదలికకు కదిలే సన్నని ముల్లు దాని మీద తెల్లని గీత గీస్తుంది. పైన లక్క పూసి ఆరబెడితేనే ఆ గీత నిలుస్తుంది. అంతకుముందు వేలు తగిలినా పోతుంది.

మగ ఎలుకలు మేము అనుకున్నట్టే చేశాయి. రక్తం తగ్గేకొద్దీ గుండె పరుగెత్తింది. ఆడవాటిలో చాలావాటికి అలా కాలేదు. గుండె నిదానంగా, ఏమీ జరగనట్టే కొట్టుకునేది. ఆ తర్వాత ఒక్కసారిగా గీత పడిపోయేది, ఎలుక చచ్చిపోయేది.

మా సారు ఫలితాలను పైవాళ్లకు చూపించాల్సిన సమయమది. ఆడ ఎలుకల కాగితాలను లక్క పూయకముందే అరచేత్తో తుడిచేశాను. ముల్లు ఇరుక్కుందని చెప్పాను. ఆయన నమ్మారు. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. గీతలు రెండు రకాలుగా ఉంటే పని మళ్లీ మొదటినుంచి చెయ్యాలి, అంతే. కొన్నాళ్లకు ముల్లు నిజంగానే ఇరుక్కుందని నేనూ నమ్మాను. నమ్మానా? నమ్మినట్టు నా ముందు నేనే నటించానా?

ఆ మరుసటి చలికాలం, చెరుకు కొట్టే రోజుల్లో, కోటగిరి దగ్గర అక్క అత్తగారి ఊరికి పోయాను. తెల్లవారుతుండగా అక్కకు మూడో కాన్పయింది. పిల్లవాడు బాగానే ఉన్నాడు. అక్కకు రక్తం ఆగలేదు. మంత్రసాని గుడ్డలు మారుస్తోంది. వాకిట్లో బోధన్ ఫ్యాక్టరీకి పోవాల్సిన చెరుకు బండి, ఎద్దులు కట్టి సిద్ధంగా ఉంది.

నేను అక్క పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాను.

"ఏం తమ్మీ, నన్ను గూడ ఎలుక లెక్క సూస్తున్నవా?" అని నవ్వింది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

బావ గడపలో నిలబడి అడిగాడు. "చెరుకు దించి బండ్ల ఏస్కపోదామా దవఖానకు? సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నాడి నిదానంగా ఉంది. ఆ నిదానం నాకు తెలుసు, ఆడ ఎలుకల గీతల్లో చూసిందే. కానీ చెరుకు దించమంటే, నేను తుడిచేసిన గీత నిజమని ఒప్పుకున్నట్టే కదా? ఆ క్షణంలో నాకు అక్క కనబడిందా, మసి కాగితం కనబడిందా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. జవాబు ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

"రక్తం బాగ పోతే నాడి ఉరుకుతది బావా," అన్నాను. "అక్కది నిమ్మళంగ ఉంది. నువ్వు పోయిరా."

ఆయన పోయాడు. బండి ఇరుసు చప్పుడు ఊరు దాటేదాకా వినబడింది. అక్క చెయ్యి నేను వదలలేదు. నాడి నిదానంగానే ఉంది. ఇంకా నిదానించింది. ఆ తర్వాత నా వేళ్ల కింద ఏమీ లేదు.

బావ ఖాళీ బండితో తిరిగొచ్చాడు.

తీసుకుపోతే బతికేదా? తెలియదు. తెలియదన్న మాటను అడ్డం పెట్టుకోను. బావ మాత్రం తాను చనిపోయేదాకా అందరికీ ఒకటే చెప్పేవాడు, బామ్మర్ది చివరిదాకా నాడి పట్టుకునే ఉన్నాడని, మేము చెయ్యనిది ఏమీ లేదని. పక్కనే కూర్చుని తల ఊపేవాణ్ణి.

క్షమించమని అడగడానికి ఇద్దరూ లేరు. ఉన్నా అడగగలిగేవాణ్ణో లేదో. ఆ పొద్దున గొంతుదాకా వచ్చి ఆగిన మాటను మాత్రం ఇప్పుడు రాస్తున్నాను. ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది.

చెరుకు దించు బావా.