బొగ్గుబాయి

చంద్రపూర్‌లో మా ఠాణా హవల్దారుకు, తనకు తెలుగు వచ్చునని గట్టి నమ్మకం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాజురాలో పెరిగాడట. ఎవరు ఏం చెబుతున్నా సగంలోనే "సమజ్‌లా, సమజ్‌లా" అని, అర్థమైపోయినట్టు తల ఊపుతూ మరాఠీలో రాసేసుకునేవాడు. తర్జుమాకని నన్ను పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, నోరు మాత్రం విప్పనిచ్చేవాడు కాదు.

మా పక్కింటి అక్క భర్త బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఆయన కనబడకుండా పోయినప్పుడు అక్కకు తోడుగా నేనే ఠాణాకు వెళ్లాను.

"బాయికి పోతున్ననని చెప్పి పోయిండు సార్. మల్ల ఇంటికి రాలే" అంది అక్క, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"సమజ్‌లా" అన్నాడు హవల్దారు. అంత జాలిగా ఆయన ఎప్పుడూ అనలేదు. అనుమానమొచ్చి తొంగి చూశాను. భర్త పరాయి ఆడదాని దగ్గరికి వెళ్లాడని రాసి ఉంది. మాకు బాయి అంటే బొగ్గుగని. మరాఠీలో బాయి అంటే ఆడమనిషి.

అక్క చెవిలో సంగతి చెప్పాను. ఆమె ఏడుపు ఆగిపోయింది.

"దిద్దియ్యకు తమ్మీ, గట్లనే ఉండనియ్యి. గీ ముచ్చట చెవుల పడితే యాడున్నా ఉరికొస్తడు" అంది మెల్లగా.

ఆ ముచ్చట మర్నాటికి ఘుగ్గుస్ దాకా పాకింది. అక్కడ తన అన్న ఇంట్లో అలిగి కూర్చున్న అక్క భర్త చెమటలు కక్కుకుంటూ నేరుగా ఠాణాకే వచ్చాడు.

"ఒట్టు సార్, నాకు ఇంకో బాయి లేదు. నాకు ఎరికైంది బొగ్గుబాయి ఒక్కటే."

"సమజ్‌లా" అంటూ హవల్దారు కలం తీసి, ఆవిడ పేరు కూడా రాసుకున్నాడు.