ఉతికిన జాలీలు

సునామీ తర్వాతే మా కొట్టు పెరిగింది. ఈ మాట చెప్పుకోవాలంటే ఇప్పటికీ నాకు సిగ్గు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాడు ఎలా ఉంటాడో చూడాలంటే నన్ను చూడండి.

ఈ దీవుల్లో, హాడో రేవు దగ్గర నేనూ మా ఆయనా ఆసుపత్రులకీ, ల్యాబులకీ ఫిల్టర్లు అమ్ముతాం. మందులో కలిపే నీళ్ళని వాటిగుండా పంపితే కంటికి కనిపించని క్రిములు కూడా ఆగిపోతాయి. అల రాకముందు వీటినడిగే నాథుడే లేడు. అల వచ్చాక క్యాంపులు, కళ్ళకలకలు, విరేచనాలు. ఏ ఫోనెత్తినా ఫిల్టర్లే. సరుకేమో చెన్నై నుంచి ఓడలో రావాలి. ఓడ లేటయితే మేమూ లేటే. పెట్టె తడిసిందా, ఇక అది పనికిరాదు. ఆ రోజుల్లో జెట్టీ దగ్గర కనిపించిన ప్రతివాడి మీదా అరిచాను. నా నోరు మొదటినుంచీ పెద్దదే.

అప్పుడే మా పిన్ని మా దగ్గరికొచ్చింది. అమ్మకి చెల్లెలు, ఓడలో వెళ్ళాల్సిన ఇంకో దీవిలో, హట్‌బేలో చేపలవాళ్ళ పేటలో ఒక్కతే ఉండేది. బాబాయి చాలా ముందే పోయాడు. అల వచ్చిన పొద్దున కట్టుబట్టలతో కొండెక్కింది. దిగొచ్చేసరికి ఇల్లు లేదు, వలలు లేవు, పొయ్యి రాళ్ళు కూడా లేవు. డెలానీపూర్‌లో మా ఇంట్లోనే ఉండమన్నాం. ఊరికే కూర్చుని తినడం ఆవిడకి చేతకాదు. "నాకేదో పని సెప్పమ్మా" అంటూ రోజూ నా వెనకే కొట్టుకొచ్చేది.

ఒకరోజు ఫిల్టరొకటి చేత్తో పట్టుకుని, "ఇదేటమ్మా?" అంది. నేను ఫోన్లో ఉన్నాను. మా కూలీలు వాటిని హిందీలో జాలీ అంటారు.

"జాలీ పిన్నీ. చెత్త పట్టే వల అనుకో" అనేసి మళ్ళీ ఫోన్లో పడ్డాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. వల అంటే ఆవిడకి నేను చెప్పాలా!

ఆసుపత్రుల్లో కొత్త ఫిల్టరు బిగించినప్పుడు పాతదాన్ని మేమే తెచ్చి కొట్టు వెనక గోనెలో పడేసేవాళ్ళం, చెత్తబండికి ఇవ్వడానికి. ఓడ రాక, అరలు ఖాళీ అవుతూ, నేను తల పట్టుకుని కూర్చున్న వారంలో ఓ కంటి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"దీదీ, ఏం మాల్ పంపించారు? డబ్బా ఖోల్తే సాబున్ వాసన! ఇది కంట్లో వేసే దవాయికి దీదీ. ఎవరి ఆంఖైనా పోతే మీరిస్తారా?"

కొట్టు వెనక్కి పరిగెత్తాను. తాడు మీద ఫిల్టర్లు వరసగా ఆరుతున్నాయి. కింద బక్కెట్టు, నీలం సబ్బు. ఆరినవాటిని పిన్ని అప్పటికే ఖాళీ డబ్బాల్లో పెట్టి, టేపు అంటించి, కొత్తవాటి పక్కనే అరల్లో సర్దేసింది.

"ఏం చేశావు పిన్నీ?"

"మైల పడితే వలని ఉతుక్కుంటాం గానీ పారేత్తామేటమ్మా? సరుకు రానేదని నువ్వు బెంగెట్టుకున్నావు గదా" అంది నవ్వుతూ.

ఏది పాతదో, ఏది కొత్తదో ఇక తేలదు. ఉన్న సరుకంతా పారెయ్యాల్సిందే. కంటి ఆసుపత్రి మమ్మల్ని వద్దంటే మిగిలినవాళ్ళూ వద్దంటారు. ఇంత చిన్న ఊళ్ళో మాట దాగుతుందా? కూలీలందరూ చూస్తుండగా గొంతు చించుకుని అరిచాను.

"నా కొంప ముంచేశావు గదా పిన్నీ!"

పాలు పొంగిపోయినా కొంప మునిగిందనే అంటాం మేము. అలవాటు మాట. అది ఎవరితో అన్నానో నోరు దాటాక గానీ తెలియలేదు. పిన్ని నవ్వు ఆగిపోయింది. తాడు మీది ఫిల్టర్లన్నీ తీసి గోనెలో వేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. అది వల అని చెప్పింది నేనే. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ ఫిల్టర్లు ఎవరూ వాడలేదు, ఎవరి కన్నూ పోలేదు. ఓడ వచ్చాక కంటి ఆసుపత్రి నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ మా దగ్గరే తీసుకుంది. నా కొంప మునగలేదు.

"మావోళ్ళకి రేకు షెడ్లు కట్టేరంట. ఎల్తానమ్మా" అంది పిన్ని. నేనే జెట్టీ దాకా తీసుకెళ్ళాను. ఉండిపో అనాలి. ఊరంతా వినబడే నోరు, ఆ ఒక్క మాటకి పెగల్లేదు. నిజం చెప్పొద్దూ, ఇక అరల్లో సరుకు భద్రంగా ఉంటుందని లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

తర్వాత కొట్టు పక్క గది కూడా తీసుకున్నాం. మాయాబందర్ నుంచి కూడా ఆర్డర్లు మొదలయ్యాయి. హట్‌బే వెళ్ళడానికి మాత్రం ప్రతిసారీ ఏదో అడ్డం. సముద్రం బాలేదు, టిక్కెట్టు దొరకలేదు, సరుకు దిగుతోంది. పిన్నికి పక్కా ఇల్లు ఇచ్చారని విన్నాక గానీ కదల్లేదు. ఓడలో దారి పొడుగునా ఒకటే వల్లించుకున్నాను: ఆ మాట అనాల్సింది కాదు పిన్నీ, తప్పయిపోయింది.

గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పిన్ని నా చెయ్యి పట్టుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచేసింది.

"ఈ అమ్మేనే, నాను ఎప్పుడూ సెప్తుంటానే! నా కొంప ములిగిపోయినప్పుడు ఇంట్లో ఎట్టుకుని అన్నం ఎట్టింది ఈ అమ్మే. ఎవులెడతారు సెప్పండి?"

ఆవిడ మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని వెతికాను. ఉంటే ఎంత బాగుండేది! లేదు. ఆడవాళ్ళంతా నన్ను దేవతని చూసినట్టు చూస్తున్నారు. వల్లించుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. పిన్ని గ్లాసు చేతిలో పెడితే తలొంచుకుని టీ తాగాను.

"పంచదార ఎక్కువైందేటమ్మా?" అంది.

"లేదు పిన్నీ, బాగుంది" అన్నాను.